కాలరు అర అంగుళం

చిట్టికి బాబాయి దీవెనలు.

ఫోన్లో నాకు కోపం సరిగ్గా రాదు, అందుకే ఈ ఉత్తరం. నువ్వు తెర కింద తెలుగు మాటలు రాసిన కొరియా సినిమాని కుట్టు మిషన్ ఆపి మరీ చూశాం. ఏం సినిమా తల్లీ! ఒక్క పాట లేదు. ఎటు చూసినా వాన. మనవాళ్ళు పగబడితే వీధంతా వినేలా అరుస్తారు. ఆ హీరో తొమ్మిదేళ్ళు నోరు మూసుకుని, ఎదుటివాడు ఏ చేత్తో తలుపు తీస్తాడో కనిపెడుతూ కూచున్నాడు. భయమేసింది. మళ్ళీ చూశాను.

అప్పట్నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. ఎదురు షాపువాడే గుర్తొస్తున్నాడు. ఇద్దరం కలిసి కుట్టే రోజుల్లో, తను పాడుచేసిన కోటు నా మీదికి నెట్టి, షాపు నిండా జనం ఉండగా "వీడికి కొలత తప్పింది" అన్నాడు కదా. పదకొండేళ్ళయినా చెవిలోనే ఉంది.

మీ బాబాయి

తా.క.: మీ పిన్ని కూడా రెప్ప వేయకుండా చూసింది. ఏమీ మాట్లాడడం లేదు. మీ అమ్మ పేరెత్తినప్పుడు తప్ప ఆవిడ ఇంత మౌనంగా ఉండటం నేనెరగను.

*

బాబాయ్‌కి నమస్కారాలు.

సినిమాలో వాడు పగ తీర్చుకుంటే మన కడుపు చల్లబడుతుంది. ఇంటికొచ్చి హాయిగా భోంచేస్తాం. జనం ఎగబడి చూసేది అందుకే. అక్కడితో సరి! ఆ షాపు వైపు చూడకు.

చిట్టి

తా.క.: పిన్ని ఇంకా మాట్లాడలేదా?

*

చిట్టికి దీవెనలు.

చూడకుండా ఎలా? నాలుగు రోజులుగా కిటికీ దగ్గర అదే పని. భుజం పద్దెనిమిదిన్నర, ఎడమ పక్క కాస్త వంగింది. మెడ పదహారు. నాకు ఆ మెడ చాలు. ఒంటిగంటకి ఒంటరిగా ఉంటాడు. శుక్రవారానికి పని ముగించేస్తాను.

బాబాయి

తా.క.: కత్తెర సాన పట్టించాను.

*

బాబాయ్, ఫోన్ ఎత్తవేం? నీ కాళ్ళు పట్టుకుంటాను!

పాడు సినిమా పంపింది నేనే. ఏదైనా జరిగితే నాకు బతికున్నన్నాళ్ళూ మనశ్శాంతి ఉండదు. సెలవు పెట్టి శనివారానికల్లా వస్తున్నాను. ఈలోగా ఆ కత్తెర పిన్నికి ఇచ్చెయ్.

నీ చిట్టి

తా.క.: వద్దు. పిన్నికి కూడా ఇవ్వకు.

*

చిట్టికి దీవెనలు.

రానక్కర్లేదు. పని అయిపోయింది. చొక్కా కుట్టాను. నువ్వేమనుకున్నావే పిచ్చిదానా? దర్జీవాడికి తెలిసిన పగ అదే. అంతా అతికినట్టు కుట్టి, కాలరు ఒక్కటీ అర అంగుళం బిగించి, ఎవరూ చూడకుండా వాడి గుమ్మానికి తగిలించి వచ్చాను. రోజంతా ఊపిరాడక చావాలని.

వేసుకున్నాడు. మెడ అటూ ఇటూ తిప్పుతూ మిషన్ తొక్కుతుంటే నాకు నవ్వాగలేదు. సాయంత్రానికి ఆ నవ్వూ పోయింది. పై గుండీ తీసుకోవచ్చు కదా, తీయడే! సరాసరి మా గుమ్మం ఎక్కాడు.

"కాలరు వదులు చెయ్యి."

"నేను కుట్టానని ఎవరు చెప్పారు?"

"ఇంకెవరు కుడతారిలా? ఈ అర అంగుళం కావాలనే తగ్గించావు. నీకు కొలత తప్పదు."

షాపు నిండా జనం. అందరూ విన్నారు. కళ్ళు మసకబారి సూదిలో దారం ఎక్కలేదు నాకు. వాడే ఎక్కించి ఇచ్చాడు.

మీ బాబాయి

తా.క.: ఆదివారం వాడూ నేనూ కలిసి ఆ సినిమా మళ్ళీ చూస్తున్నాం. ఇవాళ పొద్దున మీ పిన్ని నోరు విప్పింది. మీ అమ్మ మెడ కొలత ఎంతో రాసి పంపమంటోంది.