సున్నాలు పెట్టిన గళ్లు

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. నువ్వు గీసిన వంతెన మీదుగా నిన్న ఆసుపత్రి పాత భవనం నుంచి కొత్త భవనంలోకి వెళ్లాను. మా దుప్పట్లు ఉతికే గది అటు మార్చారు కదా. దేవుడికి దండం పెట్టుకున్నాకే అడుగు వేశాను. ఎంత మురిసిపోయానో! తోటి ఆయా మాత్రం, "అక్కా, నీ కూతురు వంతెన కట్టిందా, ఉయ్యాల కట్టిందా?" అని ఒకటే నవ్వు. నిజమే, ఇద్దరం బళ్లు తోసుకుంటూ నడిస్తే పక్కకి ఊగుతోంది. ఊగినప్పుడల్లా నేల ఒక అంచున లేస్తోంది. కొత్త కదా, సర్దుకుంటుందిలే.

ఆదివారం వంతెన ప్రారంభం. ఊరంతా వస్తుందట. పోయినసారి వికర్ణీకరణ అని ఏదో రాశావు. నాకు తెలిసేలా చెప్పు.

నీ అమ్మ

ప్రియమైన అమ్మకి,

నీ ఉత్తరం చదవగానే నా లెక్కల కాగితాలు మళ్లీ తీశాను. ఊగడం, మెలితిరగడం రెండూ కలిసి రాకూడదమ్మా!

వంతెన ఎటు తోస్తే ఎటు కదులుతుందో గళ్లలో అంకెలుగా రాస్తాం. మూల నుంచి మూలకు ఏటవాలుగా ఉన్న గళ్లలో ఒక్కో కదలిక సంగతి. పక్క గళ్లలో, ఒక కదలిక ఇంకోదాన్ని ఎంత లాగుతుందో. వంతెనకు తనవైన ఊపులు కొన్ని ఉంటాయి. వాటిని వెతికి, వాటి వైపు నుంచి లెక్క తిరగరాస్తే పక్క గళ్లు వాటంతటవే సున్నా అవుతాయి. అదే వికర్ణీకరణ. అప్పుడు ఒక్కో ఊపునూ విడిగా చూసి, దాన్ని ఆపే కమ్మీ ఎక్కడ వెయ్యాలో తేల్చుకోవచ్చు.

నేను వెతకలేదమ్మా. పక్క గళ్లలో ఉన్నవి చిన్న అంకెలే కదా అని నేనే సున్నాలు పెట్టేశాను.

ఎవరినీ ఎక్కనివ్వకు. ఫోన్లు కలవడం లేదు, ఈ ఉత్తరం మీ ఆసుపత్రికి వచ్చే మందుల బండి డ్రైవరుకిచ్చి పంపుతున్నా. నా పేరు మాత్రం చెప్పకు. ఉద్యోగం పోతుంది.

నీ పిచ్చిపిల్ల

నా బంగారానికి,

ఆదివారం డ్రైవరు వచ్చేసరికే జనం మెట్ల మీద నిండిపోయారు. వంతెన మొదట్లో నా బండి అడ్డం పెట్టాను. "ఏంటమ్మా, దేవుడు కల్లోకొచ్చి చెప్పాడా?" అన్నాడు కాపలాదారు. అందరూ నవ్వారు.

"దీన్ని గీసింది నా కూతురు! లెక్క తప్పిందని అదే రాసింది!" అని అరిచాను. నా గొంతుకి నేనే బిత్తరపోయాను.

ప్రారంభానికి వచ్చిన మీ పెద్ద ఇంజనీరు జనాన్ని దూరంగా జరిపి, వంతెనకు తాళ్లు కట్టించి, దాని ఊపుకి తగ్గట్టు కింద నుంచి లాగించాడు. కాసేపటికి అది పిండిన దుప్పటిలా మెలితిరిగింది. ఒకవైపు రెయిలింగు ఊడి వాకిట్లో పడింది.

ఆయన నన్ను పక్కకి పిలిచాడు. "ఆ ఉత్తరం ఇలా ఇవ్వండమ్మా. కమ్మీలు అతికినవాడి తప్పని రాసేస్తాను. మీ అమ్మాయికి ఏమీ కాదు." ఆ అతికినవాడు అక్కడే ఉన్నాడు, ఊడిన కమ్మీని తడిమి చూసుకుంటూ.

ఇచ్చేద్దామని చెయ్యి చాపానే తల్లీ. ఇలా చేసేది నేనేనా అనిపించింది. చెయ్యి వెనక్కి తీసుకుని, ఉత్తరం విప్పి, అందరికీ వినబడేలా చదివాను. పేరు చెప్పవద్దన్న మాటతో సహా.

తిట్టాలనుంటే ఇంటికొచ్చి తిట్టు. తలుపు గడియ పెట్టను.

అమ్మ