సింహాద్రి రాసుకున్న నా పీలింగ్ సీసా

ఒరే సింహాద్రీ, గేటు కాడ మొహం సూసి హాజరేసే మిషను నిన్ను పోల్చుకోలేదనీ, ఇంటికి పంపేసాననీ మీ సూపర్‌వైజర్ ఫోన్ చేసాడు. జొరమని సెప్పాను. సేపల పులుసు పొయ్యి మీదుంది, తిను. మొహానికి కొబ్బరినూనె రాసుకో. ఎండలోకి ఎల్లకు.

పెళ్ళిచూపులకి తెల్లబడదామని, మొహం మీద పాత తోలు ఊడదీసే నా పీలింగ్ సీసా దొంగతనంగా తీసావు, సరే. కాసేపుంచి కడిగీమని దాని మీద రాసుంటే, పూసుకుని తెల్లార్లూ పడుకుంటావేటిరా? ఆదివారం మనం సూడబోయే పిల్ల నీ ఫోటో సూసి, బాగున్నాడందట. మిషనుకీ ఆ మొహమే కావాలి, పిల్లకీ ఆ మొహమే కావాలి.

నాను డ్యూటీకి ఎల్తన్నాను.
రాణక్క

అద్దం కోసం ఎతక్కు. సూసుకుంటూ తోలు పీక్కుంటావని నా బేగులో పెట్టుకుని పట్టుకుపోతన్నాను.