టిక్కుమనే కీబోర్డు

శుక్రవారం, రాత్రి

పాత కీబోర్డులో కొన్ని కీలు నొక్కితే పైకి రావడం లేదు. డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసి పంపే ఆడియో విని రోజంతా టైప్ చేయాలి కదా, అందుకే సాయంత్రం మా ఆయనా నేనూ మస్తాన్ భాయ్ షాపుకు వెళ్లి మధ్యరకం ధరలో మెకానికల్ కీబోర్డులు చూశాం.

మస్తాన్ భాయ్ రెండు ముందు పెట్టాడు. "కీల కింద బ్లూ స్విచ్ అయితే నొక్కినప్పుడల్లా టిక్కుమంటది. రెడ్ అయితే సౌండ్ రాదు, మెత్తగా దిగుద్ది. నొక్కి చూడమ్మా."

నొక్కాను. తేడా వేలికి తెలిసింది గానీ చెవికి తెలియలేదు.

"సౌండు రెండిటికీ ఒకటేగా?" అన్నాను.

ఆయన పెద్దగా నవ్వారు. "ఒకటేందే? ఆ బ్లూది చానా గోల చేస్తంటే!"

నేనూ నవ్వేసి రెడ్ తీసుకున్నాను.

ఈమధ్య ఆడియోలో మాటలు అందక ఖాళీలు వదిలేస్తున్నాను. రికార్డింగే బాగాలేదని డాక్టర్లను తిట్టుకున్నాను. మొన్న ఒక మందు పేరు తప్పుగా కొట్టానని ఫైలు తిరిగొచ్చింది. ఎవరూ చూసుకోకపోయి ఉంటే ఆ రోగి ఏమయ్యేవాడో!

అన్నాలు తిన్నాక వంటింట్లో నిలబడి ఫోన్లో బ్లూ స్విచ్ వీడియో పెట్టాను. తెర మీద వేళ్లు కీలు నొక్కుతున్నాయి, శబ్దం లేదు. వాల్యూమ్ పెంచుకుంటూ పోయాను. ఎక్కడో దూరంగా టిక్, టిక్ అని మొదలైంది.

అంతలో ముందు గదిలోంచి ఆయన అరిచారు. "ఏందే ఆ మోత? చెవులు పోతన్నయ్, తగ్గించు!"

తగ్గించాను. నాకు సరిగ్గా వినపడటం లేదని రేపు పనికి కూర్చోకముందే ఆయనకు చెప్పాలి. చెప్పాక ఇంక ఈ పని ఉంటుందో ఉండదో.