మందు లేని పచ్చిక

సోమవారం, పొద్దున్నే
డీన్ గారు ఒప్పుకున్నారు! లైబ్రరీ ముందు పచ్చిక ఇక నాది. స్నాతకోత్సవం దాకా దానికి ఒక్క చుక్క కలుపుమందు కొట్టరు. అప్పటికి పచ్చగా ఉంటే క్యాంపస్ అంతా మందు మానేస్తారు. లేకపోతే పాత మందు పంపే గతి.

మా హాస్టల్ కిటికీ ఆ పచ్చిక మీదికే తెరుచుకుంటుంది. మందు కొట్టినప్పుడల్లా మా గదిలో అక్క కిటికీ మూసుకుని పొద్దుపోయేదాకా దగ్గుతుంది. (సొంత అక్క కాదు, సీనియర్. తిట్టడం మాత్రం సొంతక్కలాగే.) మాటిచ్చాను: "ఈ పరీక్షలకి నువ్వు కిటికీ తెరుచుకుని చదువుకుంటావక్కా."
"ముందు నువ్వు చదువు," అంది.

మంగళవారం
తోటపని పెద్దాయన్ని అందరూ పంపు మామయ్య అంటారు. వీపున మందు పంపు లేకుండా ఆయన్నెవరూ చూడలేదు. ఈరోజు నేను చూశాను. చొక్కా లేనట్టు ఇబ్బందిపడుతున్నాడు.
"కలుపెవరు పీకుతారమ్మాయ్?"
"నేనే మామయ్యా, చేత్తో."
"ఎన్ని చేతులున్నాయేంటి నీకు?"

కలుపు: మనకు అక్కర్లేని చోట మొలిచినందుకు మొక్కను తిట్టే తిట్టు. ఎంత బాగుందీ వాక్యం! నాదే.

గురువారం
మెట్ల పక్కన చాపంత మేర పీకాను. వెనక్కి తిరిగి మురిసిపోదామంటే నడుము తిరగలేదు.

శనివారం
క్యాంటీన్ వాళ్లిచ్చిన కంపోస్టు పరిచాను. వాసన కొంచెం ఉంది. కొంచెమంటే, లైబ్రరీ కిటికీలన్నీ మూసేశారు. అక్క కూడా మూసింది.
"దగ్గు రాలేదు కదక్కా?"
"ఊపిరి తీసుకుంటేగా దగ్గేది!"

బుధవారం
వాన! పచ్చదనం! దగ్గరికి పరిగెత్తాను. టమాటా మొలకలు. కంపోస్టు పూర్తిగా మాగలేదట, గింజలు బతికే ఉన్నాయట.
మామయ్య తీరిగ్గా చుట్టూ తిరిగి చూశాడు. "మార్కెట్టుకి బండి మాట్లాడమంటావా?"

ఆదివారం
కలుపు పీకలేదు. కారణాలు: ఆదివారం. పరీక్షలు. పూలున్న మొక్కను పీకడానికి మనసొప్పలేదు.
చదవనూ లేదు. కారణం: కలుపు పీకలేదన్న బెంగ.

సోమవారం
నెత్తిన పిడుగు. డీన్ గారు గురువారమే చూడటానికి వస్తారట. గడ్డి బట్టతల మీది జుట్టులా అక్కడక్కడా ఉంది. ఉన్నదీ పాలిపోయింది.

మంగళవారం, మిట్టమధ్యాహ్నం
అందరూ భోజనాలకు వెళ్లారు. మామయ్య సామాన్ల గది తలుపు తీసే ఉంది. యూరియా బస్తా మూతి విప్పే ఉంది. ఒక్క బకెట్టు. యూరియాకి అక్క దగ్గదు, కాబట్టి ఇది దాదాపు సహజమే. దాదాపు: ఎంత దయగల మాట!
గుప్పిళ్లతో చల్లాను. నీళ్లు పెట్టబోతుంటే లైబ్రరీ మేడమ్ బయటికొచ్చారు. పైపు వదిలేసి పారిపోయాను. ఎండ మాత్రం అక్కడే ఉంది.

గురువారం
మాడిపోయింది. అంతా కాదు. నా చెయ్యి ఊగిన మేర, విసనకర్రలు పరిచినట్టు, వరసగా.
డీన్ గారు వంగి చూశారు. "ఎవరో చేత్తో యూరియా చల్లారు." మామయ్య వైపు తిరిగారు. "ఈ అమ్మాయి ఓడిపోవాలనేగా? రేపట్నుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదు."
"నేను చల్లితే ఇంత దరిద్రంగా చల్లుతానా సార్?"
ఇన్ని మాటలు పోగేసుకున్నాను కదా, అవసరానికి రెండే దొరికాయి.
"నేనే సార్."
డీన్ గారు టమాటా మొక్కల వైపు చూశారు. "రేపు నువ్వే వచ్చి మందు కొట్టు," అని మామయ్యతో చెప్పి వెళ్లిపోయారు.
"ఎత్తుకెళ్లినదానివి నీళ్లు పెట్టి చావొచ్చుగా!" అన్నాడు మామయ్య.

శుక్రవారం
మందు కొట్టారు. అక్క దగ్గుతుంటే వీపు నిమిరాను. "మాటిచ్చావుగా," అనలేదు. అంటే బాగుండేది.
సాయంత్రం మా కిటికీ కింద గోడవారన బారెడు మేర గడ్డి మందు తడి తగలకుండా పొడిగా కనిపించింది. మామయ్యనడిగాను.
"అక్కడిదాకా గొట్టం అందలేదమ్మాయ్."
గొట్టం చూశాను. శుభ్రంగా అందుతుంది.

శనివారం, పొద్దున్నే
కొత్త తీర్మానం! కిటికీ కింది గోడవార నాది. ఒక్క చుక్క మందు లేదు, ఒక్క పలుకు యూరియా లేదు, ఆదివారాల్లేవు. చేత్తోనే. ఇప్పుడే మొదలుపెట్టాను.
అక్క కిటికీ తెరిచి తొంగిచూసింది. "ఏం చేస్తున్నావే?"
"కలుపు పీకుతున్నానక్కా!"
"అది గడ్డి."
చూశాను. గడ్డే.
మళ్లీ నాటాను.