మొదటి ఆప్షన్ జియాలజీ

కుందుర్పి,
జూన్ 21.

చిరంజీవి హేమావతికి నాయన దీవెనలు.

ఇక్కడ మీ అమ్మ, నేను, రెండు ఆవులు బాగానే ఉన్నాం. కర్నూలు హాస్టల్లో నువ్వు వేళకు తింటున్నావనుకుంటేనే మాకు ముద్ద దిగుతుంది. హాస్టల్ ఫోన్‌కు చేస్తే నాకు మాట పెగలదు, అందుకే కాగితం. రేపు అటు వస్తున్న మన ఊరి జయరాముడి చేతికిస్తాను.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలున్నాయి. వాన పడలేదు. తొమ్మిదో తేదీ నాలుగు చినుకులు రాలాయి, దుమ్ము అణగడానికి కూడా చాల్లేదు. చెనక్కాయ విత్తనం మూటల్లోనే ఉంది. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. నువ్వు వచ్చేవరకు పేరు పెట్టేది లేదని మీ అమ్మ మొండికేసింది.

మూడోది, నీ డిగ్రీ ఆప్షన్లు ఎవరు మార్చారని. హాస్టల్ ఆఫీసు కంప్యూటర్లో చూసుకుంటే, మొదట పెట్టుకున్న యూనివర్సిటీలో జియాలజీ ఏడో చోటికి పోయిందనీ, పేరు కూడా వినని ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్స్ మొదటికొచ్చిందనీ రాశావు. మార్చింది మీ తిప్పేష్ మామ. కళ్యాణదుర్గంలో తన నెట్ సెంటర్లో కూర్చుని మార్చాడు.

తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. ఆదివారం మన ఇంటికొచ్చి, మీ అమ్మ పెట్టిన ఉగ్గాని తింటూ ఏమన్నాడో విను.

"ఏం బావా, ఆడపిల్ల రాళ్లు సదివి ఏం చేస్తాది? కంకర మిషన్ పెడతాదా?"

"నీళ్ల గురించి సదువుతాది లేరా," అంది మీ అమ్మ.

"నీళ్లుంటే కదక్కా సదివేదానికి. ఈడ యాడుండాయి?"

అని తనే నవ్వి, రంగురంగుల కాగితం ఒకటి తీశాడు. కాలేజీవాళ్లు పంచమని కట్టలు కట్టి ఇచ్చినవి. కోట్లు తొడుక్కున్న పిల్లలు, మెడలో కార్డులు. చేరినవాళ్లందరికీ ఉద్యోగమేనట.

"మన ఊర్లో కంప్యూటర్లు సదివినోళ్లు ఐదుగురుండారు. కంప్యూటర్ ముందర కూర్చునేది ఎంతమందప్పా?" అన్నాను. నేను అంత పొడుగు మాట మాట్లాడేసరికి మీ అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"సందీప్ లేడా బావా."

"సందీప్ బెంగళూర్లో బైకు మీద అన్నం ప్యాకెట్లు మోస్తాండాడు. ఆ పని తప్పని నేననను. దానికి అన్నేండ్లు సదవాల్నా?"

తిప్పేష్ మూతి ముడుచుకుని చెయ్యి కడుక్కున్నాడు.

నా కోపం కంప్యూటర్ల మీద కాదు. ప్రతి చేన్లో ఎండిపోయిన బోరు గొట్టం ఒకటి నోరు తెరుచుకుని ఉంది. ఆ గొట్టం కింద ఏముందో నేర్పే చదువును చూసి, ఆ చేలమధ్యే పుట్టినవాళ్లు నవ్వుతున్నారు. అది నాకు మింగుడు పడదు.

మొన్న బుధవారం అనంతపురం పోయి, భూగర్భజలాల ఆఫీసులో సరళ అనే మేడంను కలిశాను. జియాలజీ చదివినామె. "డిగ్రీతోనే ఉద్యోగం రాదు పెద్దాయనా. ఎమ్మెస్సీ చేయాల, పరీక్షలు రాయాల. పోస్టులు తక్కువ. పాపకు ఇష్టం ఉంటేనే పంపించు," అని దాచకుండా చెప్పింది. రంగుల కాగితం కంటే ఆ మాట మీదే నాకు గురి కుదిరింది. నువ్వూ అది తెలిసే దిగు.

తల్లీ, ఇంతవరకు రాసినది అబద్ధం కాదు. కానీ ఒకటి దాటేశాను. నీ ఆప్షన్లు మార్చాలంటే నా ఫోన్‌కు ఓటీపీ రావాలి. వచ్చింది. సోమవారం సాయంత్రం తిప్పేష్ ఫోన్ చేసి అడిగాడు. ఎందుకో తెలిసే, ఆరంకెలూ ఒకటొకటిగా చదివి చెప్పాను.

ఆ పొద్దునే నల్లప్ప చేన్లో బోరు వేశారు. ఇక్కడ నీళ్లు పడతాయని పాయింటు పెట్టింది నేనే. ఎప్పటిలాగే అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా నడిచాను. కాయ లేచి నిలబడిన చోట సున్నం చల్లాను. ఆరువందల నలభై అడుగులు దిగినా బోరు బండి తెల్లదుమ్మే కక్కింది. నల్లప్ప నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "నీ తప్పేముండాదన్నా, నా గాచారం," అన్నాడు.

పందొమ్మిదేళ్లుగా నేను పెట్టిన ప్రతి పాయింటూ అదే రోజు పుస్తకంలో రాస్తున్నాను. ఎవరి చేను, ఎన్ని అడుగులు, ఏ లోతులో ఏ రంగు దుమ్ము, నీళ్లు ఒక ఎండాకాలం దాటాయా లేదా. ఇంటికొచ్చి నల్లప్ప పేరు రాసి, మొదటిసారి మొత్తం కూడి చూశాను. రెండువందల పన్నెండు బోర్లు. నీళ్లు నిలిచినవి అరవై ఒకటి. కళ్లు మూసుకుని రాయి విసిరినా అన్ని తగిలేవేమో. నీళ్లు పడినవాళ్లు నా పేరు చెప్పుకున్నారు. పడనివాళ్లు తమ నుదుటిని తిట్టుకున్నారు. నేను నోరు మూసుకుని ఉన్నాను.

పుస్తకం ఒళ్లో ఉండగానే తిప్పేష్ ఫోన్ వచ్చింది. నువ్వు చదువుకుని వచ్చి ఈ పుస్తకం తెరిచి, "ఇదేంది నాయనా" అని అడిగే రోజు కళ్లకు కట్టింది. అంకెలు చెప్పేశాను. నీ బతుకు బాగు కోరి కాదు, నా పరువు కాపాడుకోవడానికి. తిప్పేష్ తను నమ్మింది చేశాడు. నేను నమ్మనిది చేయించాను. అతన్ని తిట్టిన తిట్లన్నీ నాకే చెందుతాయి.

నిన్న కళ్యాణదుర్గం పోయి, మళ్లీ మార్చమని తిప్పేష్‌తో అన్నాను.

"అంకెలు చెప్పింది నువ్వే కదా బావా."

"నేనే. తప్పు చేసినా. మార్చు."

నా మొహంలోకి చూసి కంప్యూటర్ వైపు తిరిగాడు. యూనివర్సిటీలో జియాలజీ మళ్లీ మొదటికొచ్చింది. తెర మీద నేనే రెండుసార్లు చదువుకున్నాను. ఇరవై ఏడు దాకా గడువుంది. నీకు వేరే ఆలోచన వస్తే అది నీ ఇష్టం.

ఈ పొద్దున ఓబుళేసు తన చేన్లో పాయింటు పెట్టమని కొబ్బరికాయ పట్టుకుని వచ్చాడు. పుస్తకం చూపించాను. "ఇయన్నీ నాకెందుకన్నా, నువ్వు నడువు చాలు," అన్నాడు. నేను లేవలేదు. పొగరెక్కిందని గొణుక్కుంటూ పోయాడు. రేపు ఇంకొకరితో పాయింటు పెట్టించుకుంటాడు.

నీ మీద నాకున్న ప్రేమను నమ్ము, కానీ నా చేతిలో నీ తాళం ఉంచకు. నీ దగ్గర ఫోన్ లేదు కాబట్టి, నిన్న నెట్ సెంటర్ నుంచే మీ వార్డెన్ జ్యోతి మేడంను ఫోన్‌లో అడిగి, నా నంబరు తీయించి ఆమెది పెట్టించాను. ఓటీపీ వస్తే ఆమె నీకు మాత్రమే చెబుతానంది. ఇకమీదట ఆ అంకెలు నాకు రావు.

ఇట్లు,
నీ నాయన
హనుమంతరాయుడు