రాతిబల్లకు పది అడుగులు

తమ్ముడికి,

చేతిరాత గుర్తుపట్టి చింపెయ్యకుండా ఇక్కడిదాకా చదివావంటే అదే చాలు, మిగతాది నీ ఇష్టం. నీ అడ్రసు మన ఫ్యాక్టరీ స్టోర్సులో తాళాలు చూసే ఆయన ఇచ్చాడు. బస్సు నడుపుతున్నావని కూడా ఆయనే చెప్పాడు. పన్నెండేళ్ళుగా నేను నీ గురించి ఎవర్నీ అడగలేదు. ఎవరైనా చెప్పబోయినా మాట మార్చేదాన్ని.

మన ఫ్యాక్టరీ మూసేశారు. మిషన్లు అమ్మేస్తున్నారంటే ఊరికే చూసొద్దామని వెళ్ళి, టూల్‌రూమ్ మూలన పడున్న, ఉక్కు పలకల్ని చదునుగా అరగదీసే ఆ పాత సర్ఫేస్ గ్రైండర్ని కొనుక్కొచ్చాను. ఎందుకంటే చెప్పలేను. రిటైరయ్యాక చేతులకు పని లేదు, అంతే. కారు షెడ్డు తలుపు ఊడదీసి, ఇనుప గొట్టాల మీద దొర్లించి, నలుగురం కలిసి లోపలికి తోశాం. మీ బావ గోడకానుకుని చూస్తూ, "కారు బయటికి, ఇది లోపలికి. రేపు నన్నూ బయటే పడుకోమంటావు కాబోలు" అన్నాడు.

విప్పడానికే నెల పట్టింది. ఎండిపోయిన కూలెంటు బురదను కిరసనాయిల్లో నానబెట్టి గీకాను. కాలిపోయిన మోటారును మళ్ళీ చుట్టించాను. పూడుకుపోయిన నూనె గొట్టాలను సన్న తీగతో పొడిచి శుభ్రం చేశాను. ఒక్కో బోల్టూ తుడిచి వరసగా పెడుతుంటే, "ముప్ఫయ్యేళ్ళలో నా వీపు ఇంత శ్రద్ధగా తోమిన పాపాన పోలేదు" అన్నాడు మీ బావ. మామూలుగా అయితే నవ్వేదాన్ని. ఈ మధ్య నాకు ఏదీ ఏమీ అనిపించడం లేదు.

మొన్న సానచక్రం బిగించి ఒక పొడుగు ఉక్కు పలకను దాని మీద గ్రైండ్ చేశాను. పలక బల్ల మీద ఉండగానే డయల్ గేజి ఆనించి అటూ ఇటూ నడిపాను. ముల్లు సున్నా మీంచి కదల్లేదు. అక్కడితో ఆగిపోయి ఉండొచ్చు. ఏం బుద్ధి పుట్టిందో, పలకను తీసి, గ్రైండర్‌తోపాటే కొనుక్కొచ్చిన రాతిబల్ల మీద, వంకర తెలియని ఆ కొలతల బల్ల మీద పెట్టి మళ్ళీ కొలిచాను. నడుమ ఇరవై మైక్రాన్లు పల్లం. తలవెంట్రుక మందంలో మూడో వంతు. తర్వాత తప్పు లేదని తెలిసిన పలకను తెచ్చి గ్రైండర్ మీద పెట్టాను. నడుమ ఇరవై ఎత్తు ఉందంది గేజి. బల్ల జారే పట్టాలు అరిగిపోయాయిరా, బల్ల తిన్నగా నడవడం లేదు. దాని మీద చేసింది దాని మీదే కొలిస్తే ఎప్పుడూ సున్నాయే వస్తుంది. బయట సరిగ్గా చేసి తెచ్చిందే తప్పవుతుంది.

ఇరవై అన్న అంకె నీకూ గుర్తుండే ఉంటుంది. పన్నెండేళ్ళ కిందట నువ్వు పక్క వరసలో కొత్త మిషన్ మీద చేసిన డై అచ్చు పలకల్ని ఇన్‌స్పెక్టరుగా నేను ఈ గ్రైండర్ బల్ల మీదే పెట్టి చూశాను. "నడుమ ఇరవై ఎత్తు" అని రాసి రిజెక్ట్ చేశాను. "ఒక్కసారి రాతిబల్ల మీద పెట్టి చూడక్కా" అన్నావు నువ్వు. "ఆడలేక మద్దెల ఓడన్నాడట" అన్నాను అందరి ముందూ. ఫోర్‌మన్ నవ్వాడు. మద్దెల ఓడేనని ఇప్పుడు తెలిసింది.

పట్టాలు ఆ తర్వాతెప్పుడో అరిగాయేమోలే అని సరిపెట్టుకోబోయాను. కానీ నిన్ను పనిలోంచి తీసేసిన నెలలోనే గ్రైండర్ మోటారు కాలింది. ఆ తర్వాత అది ఒక్క ముక్క కూడా గ్రైండ్ చెయ్యలేదు.

ఆ రోజు టూల్‌రూమ్‌లో రాతిబల్ల నాకు పది అడుగుల దూరంలోనే ఉంది. ఇంకెవరి పలకలైనా అయితే మోసుకెళ్ళి చూసేదాన్ని. నీవి కాబట్టి చూడలేదు. రెండోసారి కొలిస్తే ఇన్‌స్పెక్టరమ్మ తమ్ముణ్ణి వెనకేసుకొచ్చిందంటారని భయం. నా మంచిపేరు కోసం నీ నోటి దగ్గర కూడు లాగేశాను. సొంత అక్కే వద్దందంటే ఎంత చెత్తగా చేశాడో అని నీకు ఇంకెక్కడా పని ఇవ్వలేదు. ఇది తెలిశాక ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. చేతులు కడుక్కుని వెళ్ళి అన్నం తిన్నాను.

అక్క

*

తమ్ముడికి,

రెండు నెలలైంది. జవాబు రాయలేదు. రాయకపోతే అలిగే హక్కు నాకు లేదులే.

పట్టాలకు నీలం రంగు పూసి, ఎక్కడ ఎత్తుందో చూసి, స్క్రేపరుతో చేత్తోనే గీకాను. పూయడం, గీకడం, తుడవడం, మళ్ళీ పూయడం. మోకాళ్ళు పట్టేశాయి. గోళ్ళల్లో నీలం ఇంకా పోలేదు. ఇప్పుడు బల్ల ఈ కొస నుంచి ఆ కొసకు రెండు మైక్రాన్ల తేడాతో నడుస్తోంది. కొత్తప్పుడు కూడా అంత తిన్నగా నడిచి ఉండదు.

దీన్ని నీకు పంపించేస్తున్నాను. లారీ అతనితో మాట్లాడాను. నీకు ఆ పనంటే ప్రాణమని నాకు తెలియనిదేం కాదు. సొంతంగా మొదలుపెట్టుకో. "వాడు వద్దంటేనో?" అని మీ బావ అడిగాడు. గుమ్మంలో దింపేసి రమ్మన్నానని చెప్పాను. "వాణ్ణి అడక్కుండానే తేల్చేశావా, మళ్ళీ?" అన్నాడు. ఆ చివరి మాట విన్నాక లారీ అతన్ని ఆగమన్నాను. నువ్వే చెప్పు.

అక్క

*

అక్కకి,

గ్రైండర్ పంపకు. మా ఇంట్లో మంచానికే చోటు చాలదు. పైగా నాకు బస్సు బాగుంది. దారి తెలుసు, ఎక్కేవాళ్ళు తెలుసు. సాయంత్రం బండి అప్పగించి వచ్చేస్తే ఏ కొలతా నా వెంట ఇంటికి రాదు.

నువ్వు కొత్తగా కనిపెట్టినట్టు రాసింది నాకు ఆ రోజే తెలుసు. నా పలకలు నీకు ఇచ్చే ముందే రాతిబల్ల మీద చూసుకున్నాను. ఆ గ్రైండర్ వంకరని కూడా తెలుసు, అందుకే కొత్తదాని మీద చేశాను. ఫోర్‌మన్‌ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించి ఉండొచ్చు. కానీ ఆ గ్రైండర్ సరిగ్గా ఉందని అంటించిన తనిఖీ చీటీ మీద ఉన్నది నీ సంతకం, ముందు వారమే చేశావు. నేను నోరు విప్పితే పోయేది నీ ఉద్యోగం. అప్పటికి అమ్మ మంచంలో ఉంది, నా పని పోతే ఆమె మందులకు నీ జీతమే ఆధారం.

త్యాగం చేశాననుకోకు. నీకోసం ఆలోచించింది ఒక్క నిమిషం, మిగతాదంతా కోపం. ఏదో ఒక రోజు తెలుస్తుంది, అప్పుడు కుళ్ళి కుళ్ళి ఏడుస్తుంది అనుకున్నాను. ఆ రోజు కోసం రెండేళ్ళు ఎదురుచూశాను. తర్వాత ఎదురుచూడటం కూడా మర్చిపోయాను. తీరా ఉత్తరం వస్తే నువ్వు ఏడవలేదని రాశావు. చదివి నేనూ ఏడవలేదు. మడతపెట్టి జేబులో పెట్టుకుని డ్యూటీకి వెళ్ళాను. రెండు నెలలు జేబులోనే ఉంది.

నిన్న చొక్కా ఉతకడానికి తీస్తుంటే అది నా కూతురి చేతిలో పడింది. తొమ్మిదేళ్ళది. "ఎవరు రాశారు నాన్నా?" అంది. అక్క అన్నాను. "ఎవరి అక్క?" నా అక్క అన్నాను. "నీకు అక్కుందా?" అని నా మొహంలోకి చూసింది. ఉంది, నీకు మేనత్త అవుతుంది అని చెప్పాను. ఆ మాటను రెండుసార్లు నోట్లో అనుకుని చూసుకుంది. తర్వాత, చచ్చిపోయిందా అని అడిగింది. లేదన్నాను.

"మరి మనింటికి ఎందుకు రాదు?"

 నీ దగ్గర జవాబుంటే వచ్చి దానికే చెప్పు. ఆదివారం నాకు సెలవు.

నీ తమ్ముడు