పాకం రుచి చూచుటకు అనుమతి కోరుతూ

పెద్దపల్లి

వైద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పరారుణ కాంతి నా రక్తంలో షుగర్ కనిపెట్టినందున ఇంటా, అంగడిలోనూ కలిగిన ఇబ్బందుల గురించి.

బస్టాండు వెనుక జిలేబీల అంగడి నడుపుకొను సదానందం అను నేను మనవి చేసుకొనునది:

1. గత నెల పరిశోధకులు కొందరు మా వీధికి ఒక మిషను తెచ్చినారు. కంటికి కనిపించని పరారుణ కాంతిని రక్తపు బొట్టు మీద వేసి, రక్తం దానిని ఎంత పీల్చుకున్నదో చూసి జబ్బు పసిగట్టవచ్చునా అని వారు పరీక్షించుచున్నారు. ఉచితమే కదా అని వేలు చాపితిని. మరునాడు అక్కడి అమ్మాయి, "షుగర్ ఉన్నట్టు కనబడుతుంది, దవాఖానల మామూలు పరీక్ష గూడ చేయించుకోన్రి" అని మెల్లగా చెప్పినది.

2. ఈ మాట నా వెనుక నిలబడిన చాయ్ హోటల్ హనుమండ్లు చెవిన పడినది. సాయంత్రానికల్లా, "చేసేటోనికే షుగరొస్తే తినేటోళ్ల గతేంది?" అని అంగడి ముందే చర్చ. జిలేబీ కొనవలసినవారు నన్ను పరామర్శించి, కాకరకాయ రసం తాగమని చెప్పి పోవుచున్నారు.

3. మిషను అబద్ధమాడినదని రుజువు చేయుటకే దవాఖానకు పోతిని. అక్కడి పరీక్షయూ మిషను పక్షమే చేరినది.

4. నా భార్య కోమల నన్ను పాకం దరిదాపులకు రానీయుట లేదు. "రుచి చూడకుంట ఎట్ల చేస్తనే?" అని అడిగితిని. "గిన్నేండ్ల సంది చూస్తనే ఉన్నవు గద, యాది చేసుకో" అన్నది. నిన్న పాకం మాడినది.

5. ఇది వ్రాయవచ్చునో లేదో తెలియదు. మా బాపుకు షుగర్ ఉన్నదని, పుండు మానక కాలు తీసేసిన నాడే మాకు తెలిసినది. అంతకుముందు ఆయనకు ఎవరూ చెప్పలేదు. అందుచేత మిషనును తిట్టుదామని కూర్చున్నా కలం సాగుట లేదు.

కావున, వృత్తి రీత్యా రోజుకొక చెంచా పాకం నేను రుచి చూడవచ్చునని నా భార్య పేర ఒక ఉత్తర్వు ఇప్పించగలరు. ఆఫీసు ముద్ర తప్పనిసరి. ముద్ర లేనిదే ఆమె నమ్మదు. దయతో చిత్తగించవలెనని వేడుకొనుచు,

వేళకు మందులు మింగుచున్న
తమ విధేయుడు,
సదానందం

మరొక మాట: సారూ, అర్జీ మడతపెట్టి వంటింట్లకు పోతే కోమల పాకం గంటె నాకుతుంది. అడిగితే, "నువ్వు చూడొద్దాయె, ఎవరో ఒకరు చూడాలె గద" అన్నది. నెల సంది గిదే నడుస్తుందట. ఉత్తర్వు సంగతి తర్వాత చూద్దురు. గా మిషను మళ్ల ఎప్పుడొస్తదో జర ముందే చెప్పున్రి. సూదంటే భయమని పోయినసారి ఆమె రాలే. ఈసారి నేనే చెయ్యి పట్టుకొని తీసుకొస్త.